పద్దెనిమిదో గంట

మా సాహితీ బృందంలో పద్యం రాయడం రానివాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని సభ ఎప్పుడు పెట్టినా కుర్చీలు వేయించడం, మైకు చూసుకోవడం, కాఫీలు అందించడం నా వంతు. 2020లో హాళ్ళు మూతపడి సభలు జూమ్‌లోకి వెళ్ళాక కుర్చీలూ కాఫీలూ పోయి మైకు ఒక్కటే మిగిలింది. మైకు ఒక్కటేగా అనుకున్నాను. హాల్లో అయితే నిజంగానే ఒక్క మైకు. జూమ్‌లో ఎంతమంది మాట్లాడితే అన్ని మైకులు, అన్ని గదులు, అన్ని వంటిళ్ళు.

ఉపన్యాసాలు, పుస్తక పరిచయాలు ఓ పది నడిపాక చెయ్యి తిరిగిందనుకున్నాం. ఆ ధైర్యంతోనే 2021 ఫిబ్రవరిలో మావాళ్ళు అష్టావధానం పెడదామన్నారు. ఎనిమిది మంది అడిగేవాటికి ఒకే మనిషి మార్చి మార్చి పద్యాలు కడుతూ జవాబులు చెప్పి, చివర్లో అవన్నీ గుర్తుపెట్టుకుని అప్పజెప్పే ఆట అది. అవధానిగారు రాజమండ్రి దగ్గర ఒక పల్లెలో, పృచ్ఛకులు, అంటే అడిగేవాళ్ళు, ఎక్కడివాళ్ళక్కడ. "ఏముందోయ్, ఎనిమిది మంది అడుగుతారు, ఒకాయన చెప్తారు. నీకేమన్నా కొత్తా?" అన్నారు సభ నడిపించే సంచాలకులుగా ఉండబోతున్న మాస్టారు.

కొత్తే. ఉపన్యాసంలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. అవధానంలో అందరూ నోరు మూసుకుంటే అది అవధానమే కాదు. నిషిద్ధాక్షరివారు తర్వాత ఏ అక్షరం రాకూడదో చెప్తూ అక్షరం అక్షరానికీ అడ్డుపడాలి. అప్రస్తుత ప్రసంగంవారు సందు దొరికితే సంబంధం లేని ప్రశ్నతో దూరాలి. ఎప్పుడో ఎవరూ అనుకోనప్పుడు గంట మోగాలి. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడటమే అక్కడి ఆట. జూమ్ సరిగ్గా దాన్నే జరగనివ్వదు.

ముందు టైము కుదర్చడం. శివరాత్రి వెళ్ళిన ఆదివారం, మార్చి 14, మన సాయంత్రం ఆరున్నర అనుకున్నాం. సింగపూర్‌లో దత్తపది ఇచ్చే ఆవిడకి, అంటే నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమనే ఆవిడకి, రాత్రి తొమ్మిది. మస్కట్‌లో వ్యస్తాక్షరి ఆయనకి, అంటే ఒక వాక్యంలోని అక్షరాలని వరస తప్పించి చీటీల మీద ఇచ్చే ఆయనకి, సాయంత్రం ఐదు. లండన్‌లో వర్ణన అడిగే ఆయనకి మధ్యాహ్నం ఒంటిగంట. మెల్‌బోర్న్ నుంచి ఇంకొకాయన ఎంతో ఉత్సాహపడ్డారు గానీ, ఆయనకి సరిగ్గా అర్ధరాత్రి పన్నెండు అవుతుందని తేలాక ఆయనే నవ్వేసి తప్పుకున్నారు. డాలస్‌లో నిషిద్ధాక్షరి ఆయనకి ఉదయం ఏడు. ఇన్విటేషన్ మీద అలాగే అచ్చు వేశాం. ఈ ఏడు గంటల సంగతి తర్వాత చెప్తాను.

మొదటి ట్రయల్‌కి అందర్నీ ఒకేసారి పిలిచాను. అంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ముప్పావుగంట సేపు "వినిపిస్తోందా?", "మీది మ్యూట్‌లో ఉందండీ", "నాది కాదు, మీదే", "ఎవరింట్లోనో టీవీ మోగుతోంది" తప్ప ఇంకేమీ జరగలేదు. పెద్దవాళ్ళు ఒకరి ముందు ఒకరు తమకి రాదని చెప్పుకోరు కూడా. "అంతా బాగానే ఉంది" అంటారు. సభ రోజున బాగోదు.

తర్వాత నుంచి ఒక్కొక్కరితో విడివిడిగా కూర్చున్నాను. ఇరవై నిమిషాలనుకుంటే నలభై పట్టేది, పోనీలెండి. ఒక నోటుబుక్కు తీసి మనిషికో పేజీ కేటాయించాను. ఏ గదిలో కూర్చుంటారు, ఫ్యాను ఎక్కడుంది, వెనక కిటికీ ఉందా, ల్యాప్‌టాపా ఫోనా, ఇయర్‌ఫోన్లు ఉన్నాయా, నెట్ పోతే ఇంకో దారేమిటి. వీటన్నిటికన్నా నాకు పనికొచ్చిన గడి ఒకటుంది: "ఇంట్లో బటన్లు నొక్కేవాళ్ళెవరు?" ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఒక చోట మనవరాలు, ఒక చోట అల్లుడు, అవధానిగారింట్లో కోడలు. వాళ్ళ ఫోన్ నంబరు తీసుకుని, ఆ రోజు పక్కనే ఉండమని ఒప్పించుకున్నాక నాకు సగం టెన్షన్ తగ్గింది. సభలో ఏదైనా తేడా వస్తే మాట్లాడే పెద్దాయనకి కాదు, ఆ కోడలికి ఫోన్ చెయ్యాలి.

అవధానిగారితో పేచీ ఇయర్‌ఫోన్ల దగ్గర వచ్చింది. అవి పెట్టుకుంటే ఎదుటివాళ్ళ గొంతు మళ్ళీ ఆయన మైకులో పడదు, ఇద్దరు ఒకేసారి మాట్లాడినా కాస్త తట్టుకుంటుంది. స్పీకర్ పెట్టుకుంటే జూమ్ ఎకో రాకుండా చూడాలని ఒకరి గొంతు నొక్కేస్తుంది. ఇదంతా వివరించాను. ఓపిగ్గా విన్నారు. విని, "చూడు బాబూ, రెండు చెవులూ మూసుకుని పద్యం చెప్తే నా గొంతు నాకే బావిలోంచి వచ్చినట్టుంటుంది. శ్రుతి ఎక్కడుందో తెలీదు. నా వల్ల కాదు" అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. పాడేవాళ్ళెవరైనా ఆ మాటే అంటారు. చివరికి ఒక్క చెవిలో పెట్టుకుని రెండోది వదిలెయ్యడానికి ఒప్పుకున్నారు.

డాలస్ ఆయన, ఈయన కలిసి నిషిద్ధాక్షరి ట్రయల్ చేసినప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. ఇక్కడి మాట అక్కడికి వెళ్ళి అక్కడి మాట ఇక్కడికి రావడానికి నెట్ ఎంత బాగున్నా పావు సెకను పడుతుంది, జూమ్ తన పని చేసుకునే ఆలస్యం దాని మీద. మామూలు కబుర్లలో ఇది తెలీదు. నిషిద్ధాక్షరిలో తెలుస్తుంది. అవధానిగారు "శ్రీ" అన్నారు. డాలస్ నుంచి "రా వద్దు" రావాలి. అది వచ్చేలోపే ఈయన "శ్రీ... గౌ..." అని వెళ్ళిపోయారు. గౌ తర్వాత అవతలాయన వద్దన్న అక్షరం "రి"నో "లి"నో ఎవరికీ అర్థం కాలేదు. నెట్‌లో ఒక్క అక్షరం విడిగా పలికితే పకీ బకీ, తకీ దకీ తేడా తెలీదు. వాక్యంలో అయితే మనసు పూడ్చుకుంటుంది. ఒంటరి అక్షరానికి ఆ ఆసరా లేదు.

దీనికి మందు మాస్టారు చెప్పారు: పలక. పిల్లల పలక, సుద్దముక్క. నోటితో చెప్పి, పలక మీద పెద్దగా రాసి కెమెరాకి చూపించాలి. పలక కనిపించేదాకా అవధానిగారు ఆగాలి. డాలస్‌లో పలక ఎక్కడ దొరుకుతుందని నేను భయపడ్డాను గానీ, వాళ్ళబ్బాయి అక్షరాభ్యాసం నాటిది ఇంట్లోనే ఉందట.

పలక ఎత్తగానే మాయమైపోయింది. నిజంగానే. ఆయన వెనక తిరుమల గోపురం బొమ్మ పెట్టుకున్నారు, వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్. మనిషి ఆకారం తప్ప మిగతాదంతా వెనక గోడ కిందే లెక్క కాబట్టి అది పలకని కూడా గోపురంలో కలిపేసింది. గాలిలో ఆయన చెయ్యి మాత్రం ఏదో పట్టుకున్నట్టు ఉంది. గోపురం తీసేయించాను. అప్పుడాయన "అక్షరం తిరగబడి కనిపిస్తోందే" అన్నారు. మన బొమ్మ మనకి అద్దంలోలా కనిపిస్తుంది, ఎదుటివాళ్ళకి సరిగ్గానే కనిపిస్తుందని చెప్పేలోపే ఆయన తుడిచి, ఎంతో కష్టపడి "మ"ని తిప్పి రాసి చూపించారు. మాకు అప్పుడు తిరగబడింది.

మస్కట్ వ్యస్తాక్షరి ఆయన చీటీలకీ ఇదే సూత్రం పెట్టాం. లైటు ముఖం మీద పడేలా కూర్చోవడం, ల్యాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టి కెమెరా కళ్ళకి సమానంగా ఎత్తడం లాంటివి అందరికీ తెలిసినవే. కింద పెట్టే పుస్తకాలు ఏమిటన్న దాని మీద మా గ్రూపులో వచ్చిన జోకులు ఇక్కడ రాయను.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది గంట.

మధ్యమధ్యలో గంట కొడుతుంటే ఎన్ని కొట్టారో అవధాని లెక్కపెట్టుకుని చివర్లో చెప్పాలి, అదే ఘంటాగణనం. దానికి విజయనగరంలో ఉండే రిటైరైన తెలుగు టీచరుగారు ఒప్పుకున్నారు. డెబ్బై దాటిన మనిషి, చాలా హుషారు. వాళ్ళత్తగారి నాటి కంచు గంట, పూజగదిలోది, తెచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. ట్రయల్‌లో ఒకటి కొట్టారు. నాకు వినిపించలేదు. "మళ్ళీ కొట్టండమ్మా" అన్నాను. కొట్టారు. చెయ్యి కదిలింది, గంట ఊగింది, చప్పుడు లేదు. మూకీ సినిమా. ఆవిడకి అక్కడ ఖంగుమని మోగుతోంది. "ఏమయ్యా, నీకు చెవుడా?" అన్నారు.

చెవుడు నాకు కాదు, జూమ్‌కి. మనిషి గొంతు తప్ప మిగతా చప్పుళ్ళన్నీ చెత్త అని అది అనుకుంటుంది. ఫ్యాను హోరు, కుక్క అరుపు, కీబోర్డు టకటకల్లాగే గంట మోతని కూడా ఊడ్చి పారేస్తుంది. మంచి ఉద్దేశంతోనే. ఆఫీసు మీటింగులకి అది వరం. మన సభకి మాత్రం గొంతు ఎంతో మిగతా చప్పుళ్ళూ అంతే. చప్పట్లు, గంట, "ఆహా" అన్న మాట, తంబురా, అన్నీ దాని లెక్కలో చెత్తే. పద్యం రాగం తీసి సాగదీస్తే ఆ తోక కూడా ఒక్కోసారి కత్తిరించేస్తుంది. సెట్టింగుల్లో ఆడియో కింద "ఒరిజినల్ సౌండ్" అని ఒకటుంటుంది, సంగీతం వాళ్ళ కోసం పెట్టింది. దాన్ని ముందు అక్కడ ఆన్ చేసి, మీటింగులోకి వచ్చాక పైన ఎడమ పక్కన కనిపించే బటన్ మళ్ళీ నొక్కాలి. విజయనగరంలో వాళ్ళ మనవరాలు ఈ రెండూ చేసింది. గంట ఖంగుమంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒట్టు. అవధానిగారింట్లో కూడా ఇదే చేయించాను. దానితో పాటు ఫ్యాను ఆపించాల్సి వచ్చింది, ఎందుకంటే ఒరిజినల్ సౌండ్ పెడితే హోరు కూడా ఒరిజినల్‌గానే వస్తుంది. మార్చి నెల, గోదావరి జిల్లా, ఫ్యాను లేకుండా మూడు గంటలు. ఆయన ఒక తడిగుడ్డ పక్కన పెట్టుకుని కూర్చున్నారు.

సభ రోజు మధ్యాహ్నానికే నేను హైదరాబాద్‌లో నా గదిలో తలుపేసుకున్నాను. ఉచిత జూమ్ నలభై నిమిషాలకి తలుపులు మూసేస్తుంది కాబట్టి ఆ నెలకి చందా కట్టాం. జూమ్ తెరని ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుని, కింద పద్యపాదాలు టైపు చేసి పెడుతూ యూట్యూబ్‌కి పంపడం నా ఏర్పాటు. పాల్గొనేవాళ్ళ పేర్ల జాబితా పక్కన ఇంకో మానిటర్ మీద.

ఐదున్నరకి వెయిటింగ్ రూమ్‌లో ఎవరో వచ్చి కూర్చున్నారు. లోపలికి రానిచ్చి చూస్తే డాలస్ ఆయన. పట్టుపంచె, కండువా, నుదుట బొట్టు, చేతిలో పలక. "అన్నా, ఇంకా గంట ఉంది కదా" అన్నాను. "ఏడయింది కదండీ" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు. ఆ రెండో ఆదివారం ఇదే. చలికాలంలో డాలస్‌కీ మనకీ పదకొండున్నర గంటల తేడా, ఎండాకాలంలో పదిన్నర. ఫిబ్రవరిలో లెక్క వేసి ఏడని అచ్చు వేశాం. ఆయన తెల్లవారుజామున లేచి స్నానం, పూజ చేసుకుని కూర్చున్నారు పాపం. అదే నవంబరులో అయ్యుంటే గంట ఆలస్యంగా వచ్చేవారు, నిషిద్ధాక్షరి లేకుండా సభ మొదలయ్యేది. ఆ గంటలో ఇద్దరం కూర్చుని ఆయన మైకు, పలక, వెలుతురు అన్నీ తీరిగ్గా సరిచేసుకున్నాం. ఇప్పుడు ఎవరికి టైము చెప్పినా "మన ఆరున్నర" అని పంపి, వాళ్ళ ఊరి టైము వాళ్ళ చేతే రాయించుకుంటున్నాను. పైగా అసలు టైముకి ముప్పావుగంట ముందు రమ్మంటున్నాను.

సభ మొదలైంది. ప్రార్థన, పరిచయాలు, మొదటి ఆవృత్తి, అంటే ఒక్కో పద్యానికి ఒక్కో పాదం చొప్పున తిరిగే ఒక చుట్టు. పలక బ్రహ్మాండంగా పనిచేసింది. పలక పైకి లేవగానే అవధానిగారు ఒక్క క్షణం చూసి, కళ్ళు మూసుకుని, ఆ అక్షరం పక్కనించి జారుకునేవారు. తెనాలి ఆయన సమస్య, అంటే పద్యంగా పూరించాల్సిన ఒక చిక్కు పాదం, ఇచ్చారు. సింగపూర్ ఆవిడ నాలుగు పదాలిచ్చారు. ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టిన కాసేపటికి అవధానిగారు చెయ్యెత్తారు. "అమ్మా, ఇందాక నేను చెప్పిన పాదం నాకే వినిపిస్తోంది. ఎవరు చెప్తున్నారు?"

నేను తప్ప ఎవరూ కంగారు పడలేదు, ఏకాగ్రత పరీక్షలో ఇదీ ఒక భాగమనుకున్నారు. అది పరీక్ష కాదు. సింగపూర్ ఆవిడ భర్త హాల్లో టీవీలో యూట్యూబ్ పెట్టుకుని చూస్తున్నారు. యూట్యూబ్‌లో అన్నీ ఇరవై సెకన్లు ఆలస్యంగా వస్తాయి. ఇక్కడ చెప్పిన పాదం ఇరవై సెకన్ల తర్వాత అక్కడ టీవీలోంచి వచ్చి, ఆవిడ మైకులో దూరి, మళ్ళీ ఇక్కడికి వస్తోంది. కొత్త పాదం కట్టుకుంటున్న మనిషి చెవిలో పాత పాదం ఊదడం కన్నా అన్యాయం ఏముంటుంది? వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టాను. టీవీ ఆగింది. "మీ ఇంట్లో ఎవరూ యూట్యూబ్ చూడకూడదు, చూస్తే ఇయర్‌ఫోన్లతో వేరే గదిలో" అన్నది నోటుబుక్కులో ఆ రాత్రే చేరింది.

రెండో ఆవృత్తిలో అప్రస్తుత ప్రసంగం ఆయన, మా హైదరాబాద్ మనిషే, మంచి సమయం చూసి దూరారు. "అవధానిగారూ, ఇక్కడందరూ చిన్న చిన్న చట్రాల్లో ఉన్నారు. వీళ్ళు మనుషులా, పటాలా?"

అవధానిగారు ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "దండ వెయ్యనంతవరకు మనుషులేనండి."

నిశ్శబ్దం.

హాల్లో అయితే పైకప్పు లేచిపోయేది. అక్కడ అందరూ నవ్వుతున్నారు, గడుల్లో భుజాలు ఊగుతున్నాయి, లండన్ ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు. ఒక్కరి నవ్వూ వినపడదు. అందరినీ మ్యూట్‌లో పెట్టింది నేనే. అవధానిగారి ముఖంలో ఒక చిన్న మార్పు చూశాను. మాట బాగా పేలిందో లేదో తెలీని మనిషి ముఖం. మళ్ళీ సమస్యలోకి వెళ్ళారు గానీ, గొంతు కాస్త కిందికి దిగింది.

సాంకేతికంగా తప్పేమీ లేదు. బొమ్మ బాగుంది, శబ్దం శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది, అదీ గొడవ. పద్యం చెప్పేవాడికి ఎదురుగా "ఆహా" అనేవాళ్ళుండాలి. లేకపోతే బావిలోకి చెప్పుకున్నట్టే. వెంటనే నలుగురికి మెసేజ్ పెట్టాను, ఇయర్‌ఫోన్లున్నవాళ్ళకి, ఇల్లు ప్రశాంతంగా ఉన్నవాళ్ళకి: "మీ మైకులు తెరుస్తున్నాను. బాగుంటే బాగుందని గట్టిగా అనండి. నవ్వొస్తే నవ్వండి." మాస్టారు ఐదోవారు. తర్వాతి పాదానికి మస్కట్ నుంచి "భళీ" అని ఒక గొంతు, తెనాలి నుంచి "మళ్ళీ ఒక్కసారి, గురువుగారూ" అని ఇంకోటి వచ్చాయి. అవధానిగారు నిటారుగా కూర్చున్నారు. ఆ రోజు నేను చేసిన పనుల్లో అదొక్కటే నాకు నిజంగా నచ్చింది. ఇప్పుడు ప్రతి సభకీ ముందే అలాంటి నలుగురిని ఎంచుకుంటాం. మావాళ్ళు దానికి "ఆహా దళం" అని పేరు పెట్టారు.

అప్రస్తుత ప్రసంగం మాత్రం చివరిదాకా కుదరలేదు. నిజమైన అడ్డుపాటుకి అరసెకను ఆలస్యం పనికిరాదు. ఆయన దూరేసరికి అవధానిగారు పాదం పూర్తి చేసి ఊపిరి తీసుకుంటుండేవారు. అడ్డుపడటం కాస్తా ప్రశ్న అడగడం అయిపోయింది. దానికి నా దగ్గర ఇప్పటికీ మందు లేదు.

మైకులు తెరిచినందుకు మూల్యం మూడో ఆవృత్తిలో కట్టాం. వర్ణన సగంలో ఉండగా హనుమకొండలో, అప్పటికప్పుడు పద్యం చెప్పమనే ఆశువు ఆయనింట్లో, కుక్కర్ కూత పెట్టింది. ఒకటి కాదు, వరసగా. మ్యూట్ చేద్దామని జాబితాలోకి వెళితే ఇంకో తంటా: ఎవరు మైకు తెరిచినా మూసినా ఆ జాబితాలో పేర్ల వరస మారిపోతుంటుంది. నొక్కబోయే క్షణంలో పేరు జారుతుంది. రెండుమూడు చోట్ల నొక్కి, మొత్తానికి కుక్కర్ నోరు మూయించాను. ఇంకో సంగతేమిటంటే మ్యూట్ చెయ్యడం నా చేతిలో ఉంది గానీ తియ్యడం నా చేతిలో లేదు. "మైకు తెరుస్తారా" అని అవతలివాళ్ళ తెర మీద ఒక డబ్బా వస్తుంది, వాళ్ళే నొక్కాలి. తప్పు నొక్కిన చోట్లకి ఆ డబ్బా పంపించాను. ఎవరింట్లో ఎవరో నొక్కేశారు. సభ ముందుకి సాగింది.

నాలుగు ఆవృత్తులూ అయ్యాయి. ఇక ధారణ, కట్టిన పద్యాలన్నీ జ్ఞాపకం నుంచి అప్పజెప్పడం. అవధానిగారు కళ్ళు మూసుకుని నిషిద్ధాక్షరి పద్యం ఎత్తుకున్నారు. మూడో పాదం దగ్గర ఆయన బొమ్మ బిగుసుకుపోయింది. నోరు సగం తెరిచి, చెయ్యి పైకెత్తి అలాగే ఉండిపోయారు. కాసేపటికి గడి కూడా మాయమైంది.

వాళ్ళ ఊళ్ళో కరెంట్ పోయింది. "ఇన్వర్టర్ ఉందా?" అని నేను ముందే అడిగాను. ఉందన్నారు, ఉంది కూడా. రౌటర్ పెట్టిన ప్లగ్గు ఇన్వర్టర్ లైను మీద ఉందా అని అడగలేదు. లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, ఫ్యాను ముందే ఆపేశాం, లైటు ఇన్వర్టర్ మీద వెలుగుతోంది. కరెంట్ పోయినట్టు తెలియడానికి ఆ గదిలో ఒక్క గుర్తు కూడా లేదు. ఆయన కళ్ళు మూసుకుని చెప్పుకుంటూ పోతున్నారు.

కోడలికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆరుసార్లు చేశాను. ఎత్తదు, ఎందుకంటే "చెల్లెమ్మా, సభ జరుగుతున్నంతసేపూ ఇంట్లో ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టు" అని పొద్దున నేనే గట్టిగా చెప్పాను. ఆవిడ బుద్ధిగా పెట్టి, బీరువా మీద ఉంచి, మామగారి వెనక గోడవారగా నిలబడి కళ్ళు మూసుకుని పద్యం వింటోంది.

ఇటు మాస్టారు అందుకున్నారు. నాకు సైగ కూడా చెయ్యలేదు. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేస్తూ గద్వాల, వెంకటగిరి లాంటి సంస్థానాలు తిరిగిన కబుర్లు మొదలుపెట్టి, ఏదో ముందే అనుకున్న అంశంలాగా నడిపించారు. యూట్యూబ్‌లో చూస్తున్నవాళ్ళలో చాలామందికి తేడా తెలియలేదు. దూరంగా ఉన్న వక్తలతో సభ నడపాలంటే పది నిమిషాలు దేని మీదైనా మాట్లాడగల మనిషి ఒకరు చేతిలో ఉండాలి. అలాంటివాళ్ళకి రెండు నెట్ కనెక్షన్లు ఉండాలి.

అటు జరిగింది తర్వాత ఆ కోడలు చెప్పింది. పక్కింటి కుర్రాడు వాళ్ళ అరుగు మీద కూర్చుని మొబైల్ డేటాతో యూట్యూబ్ చూస్తున్నాడు. చెవికేమో గోడ అవతల నుంచి అవధానిగారి పద్యం వినిపిస్తోంది. ఫోన్‌లో చూస్తే ఎవరో గద్వాల గురించి చెప్తున్నారు. వాడు గోడ దూకి వచ్చి గుమ్మంలో నిలబడి అరిచాడట: "తాతగారూ, మీరు యూట్యూబ్‌లో లేరు!"

అప్పటికి ఆయన నాలుగో పద్యంలో ఉన్నారు.

కోడలి ఫోన్ హాట్‌స్పాట్ మీద మళ్ళీ లోపలికి వచ్చారు. వీడియో ఆపేయించాను. గొంతు ఒక్కటే అయితే నెట్ చాలా తక్కువ చాలు, పల్లెటూరి సిగ్నల్‌కైనా మోయగల బరువు. నల్లటి గడిలో ఆయన పేరు, గొంతు. "ఎక్కడిదాకా విన్నారు?" అని అడిగారు. "మొదటి పద్యం మూడో పాదం, గురువుగారూ" అన్నాను, సిగ్గుతో. "సరే" అని మొదటి నుంచి ఎత్తుకున్నారు. నాలుగు పద్యాలూ, వ్యస్తాక్షరి వాక్యం, ఒక్క చోట తడబాటు లేదు. చూపు లేని పెట్టెలోంచి గొంతు మాత్రం వస్తుంటే, ముందు విన్నదానికన్నా బాగా వినిపించింది నాకు. ఆహా దళాన్ని ఎవరూ హెచ్చరించాల్సిన పని లేకపోయింది.

చివరగా మాస్టారు అడిగారు. "గంటలు?"

"పదిహేడు."

విజయనగరం టీచరుగారు కాగితం చూసుకున్నారు. "పద్దెనిమిది కొట్టాను నాయనా."

మూడు గంటలసేపు తప్పు పట్టడానికి వీల్లేకుండా చెప్పిన మనిషి అక్కడ ఒక్కటి తప్పారంటే ఎవరికీ నమ్మకం కలగలేదు. ఆవిడ లెక్క తప్పారనడానికీ ఎవరికీ నోరు రాలేదు. కొట్టినప్పుడల్లా కాగితం మీద గీత పెట్టుకున్నారు, కెమెరాకి చూపించారు కూడా. మాస్టారు నవ్వేసి, "ఇద్దరి లెక్కా ఒప్పే. విజయనగరంలో పద్దెనిమిది బయల్దేరాయి, రాజమండ్రికి పదిహేడు చేరాయి. ఒకటి దారిలో తుని స్టేషన్‌లో దిగిపోయుంటుంది" అన్నారు. సభ నవ్వుతో ముగిసింది. నెట్‌లో ఒక గంట తప్పిపోయిందని, అలాంటివి మామూలేనని అందరం అనుకున్నాం.

నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. మర్నాడు రాత్రి రికార్డింగ్ పెట్టుకుని కూర్చున్నాను. తెర మొత్తం పంపాను కాబట్టి గడుల మీద గుర్తులతో సహా అన్నీ ఉన్నాయి. గంటలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. మూడో ఆవృత్తి, వర్ణన. కుక్కర్ ఒకటి, రెండు, మూడు. విజయనగరం గడిలో టీచరుగారు ఇటూ అటూ చూసి, దొంగనవ్వొకటి నవ్వి, ఇదే అదను అన్నట్టు గంట ఎత్తారు. ఊపారు. చప్పుడు లేదు. ఆవిడ పేరు పక్కన ఎర్రగీత కొట్టిన చిన్న మైకు గుర్తు ఉంది. రెండు సెకన్ల తర్వాత పక్కనుంచి మనవరాలి చెయ్యి వచ్చి ఏదో నొక్కింది. గుర్తు పోయింది.

నా మౌస్ బాణం ఆ రికార్డింగ్‌లో కనపడదు. అది పక్క మానిటర్ మీద ఉంది.

టీచరుగారు ఆ తర్వాత కూడా మా సభలకి వస్తున్నారు. కనిపించినప్పుడల్లా "ఆ రోజు పద్దెనిమిది కొట్టానయ్యా" అంటారు. "అవునమ్మా, కొట్టారు" అంటాను.